మేకపాలు పోతు వాసన, వెన్న కూడా లేదు: ఎవరైనా చెప్పండి

పలమనేరు పాడి: పొద్దుటి నుంచి దీంతోనే తల పట్టుకుని కూర్చున్నాను. రెండు మేకల పాలు నోట పెట్టుకోలేనంత వాసన. మీగడ ఎప్పుడూ పలచనే, ఇప్పుడు అదీ లేదు. డెయిరీవాళ్లు వెన్న శాతం తక్కువని ధర కోశారు. మేత మామూలే. మందు ఏదైనా ఉందా?

తోటవాడు: మామూలే అంటే? ఏ ఆకు?

పీలేరు పెద్దాయన: మేకను కట్టేసి మేపితే ఇంతే. అది ముందరి కాళ్లెత్తి చిగురు కొరుక్కునే జీవి. పైగా ఉత్తరప్రదేశ్ ఎటావా వైపు జమునాపారి మేకను తెచ్చి మన ఎండల్లో పాలివ్వమంటారు. మీది ఏ జాతి?

పలమనేరు పాడి: జాతి సంగతి అడగలేదండీ. సుబాబుల్ మండలు వేస్తున్నాను. గుజ్జు ఫ్యాక్టరీ నుంచి తోతాపురి మామిడి తొక్క ఊరికే వస్తోంది, తిన్నంత పెడుతున్నాను.

తోటవాడు: తిన్నంతా! ఆ మాట మొదటే రాయాల్సింది. తొక్కంతా చక్కెర. కడుపులో పులిసి ఆమ్లం పెరుగుతుంది, నెమరు తగ్గుతుంది. పీచు చాలకపోతే వెన్న పడిపోతుంది. ముందు ఎండు వేరుశనగ కట్టె వేసి, తొక్క ఆ తర్వాత కొద్దిగా వేయండి. పెంటికలు గట్టిగా ఉన్నాయా, జారుగానా?

మదనపల్లె మిత్రుడు: అవిసె ఆకు మంచిదే కదా, మా తాత కూడా వేసేవాడు.

తోటవాడు: ఆయన అడిగింది సుబాబుల్. అవిసె పూలు కూర వండుకుంటాం, అది వేరే చెట్టు. సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషం ఉంటుంది. మేతలో మూడో వంతు దాటనివ్వకండి, బొచ్చు రాలుతుంది, గొంతు వాస్తుంది.

మదనపల్లె మిత్రుడు: మా వైపు రెండింటినీ అవిసే అంటారు.

తోటవాడు: అనండి. మైమోసిన్ వినదు.

కుప్పం: పోతు ఎక్కడ?

పలమనేరు పాడి: అదే పాకలో, పక్క గుంజకు.

కుప్పం: దూరంగా కట్టండి. పితికిన వెంటనే పాలకు మూత పెట్టి చల్లార్చండి. మొదటి ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడండి, తరకలు కనిపిస్తే పొదుగు వాపు. అప్పుడు పశువైద్యుడే.

పీలేరు పెద్దాయన: పోతు లేని పాక పాకేనా!

పలమనేరు పాడి: తరకలు లేవు. పెంటికలు జారుగానే ఉన్నాయి, తొక్క ఆపేశాను. పోతు ఇప్పుడు చింతచెట్టు కింద అరుస్తోంది. థాంక్స్.

పీలేరు పెద్దాయన: జాతి చెప్పనే లేదు.