ఎంవీపీ కాలనీలో జీ ప్లస్ వన్: ఇంటి పన్ను, ఇంటి బీమా ఒకేసారి పెరిగాయి, లెక్క సరైనదేనా?

లాసన్స్‌బే_గాలి

విశాఖ ఎంవీపీ కాలనీలో 200 గజాల్లో జీ ప్లస్ వన్ ఇల్లు. కింద సొంతానికి, పైన అద్దెకి, డాబా మీద ఒక గది. అంకెలు ఇవీ.

ఇంటి పన్ను అర్ధ సంవత్సరానికి పోయినేడాది 4,830 రూపాయలు, ఈసారి 7,912. హోమ్ లోన్ ఇచ్చిన బ్యాంకు ద్వారా తీసుకున్న ఇంటి బీమా పోయినేడాది జీఎస్టీతో కలిపి 2,950, ఇప్పుడు రెన్యువల్ నోటీసులో 4,130.

పన్ను ఏడాదికి 15 శాతం మించి పెంచరంటారు, ఇది 64 శాతం దాకా వచ్చింది. బీమా మీద జీఎస్టీ ఎత్తేశారని విన్నాను, నోటీసులో మాత్రం 18 శాతం ఉంది. కట్టేసి ఊరుకోవడమా, అర్జీ పెట్టడమా? పెడితే ఎవరికి, ఏ కాగితాలతో?

వార్డు_లెక్కలు

ముందు పన్ను సంగతి. 2020 నవంబరులో చట్టం సవరించి, 2021 ఏప్రిల్ 1 నుంచి అద్దె విలువ పద్ధతి తీసేసి మూలధన విలువ మీద పన్ను పెట్టారు. స్థలానికి రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో ఉన్న విలువ, కట్టడానికి విడిగా కట్టిన విలువ, ఈ రెండూ కలిపి దాని మీద శాతాల లెక్కన పన్ను వేస్తారు. నివాసాలకి 0.10 నుంచి 0.50 శాతం లోపు, మిగతా వాడకానికి 0.20 నుంచి 2 శాతం లోపు. కొత్త లెక్కలో వచ్చిన పన్ను పాతదానికంటే ఎక్కువైతే అంతా ఒకేసారి నెత్తిన వేయకుండా ఏటా 15 శాతం లోపు ఎక్కిస్తూ పోతారు. ఆ 15 శాతాన్ని చాలామంది రక్షణ అనుకుంటారు గానీ అది మెట్లదారి. ఏటా పూర్తిగా పడితే 4,000 కాస్తా 4,600, 5,290, 6,083, 6,996 అయి, ఐదో ఏటికి 8,045కి చేరుతుంది. అంటే రెట్టింపు.

మీ బిల్లుకొద్దాం. 4,830 మీద 15 శాతం వేస్తే 5,554. మీకొచ్చింది 7,912. తేడా 2,358. దాన్ని సగం చేయండి, 1,179 చొప్పున రెండు సమాన భాగాలు. ఇలా సరిగ్గా సగానికి విరిగిందంటే నాకొకటే అనుమానం: డాబా మీద గదికి ప్లాను ఉందా? పాత కట్టడానికే 15 శాతం హద్దు. కొత్తగా కలిసిన గదికి ఆ హద్దు లేకుండా పూర్తి పన్ను లెక్కగడతారు. అది ప్లానులో లేని అంతస్తు అయితే ఆ పన్నుకి 100 శాతం జరిమానా తోడవుతుంది. బిల్లు వివరాల్లో 'అనధికార కట్టడం' అనే వరుస ఉందేమో చూసి చెప్పండి.

లాసన్స్‌బే_గాలి

ఉందండీ, సరిగ్గా 1,179. గది ప్లానులో లేదు. 300 చదరపు అడుగులు, పైన రేకులు.

వార్డు_లెక్కలు

అయితే 15 శాతం దాటిందని అర్జీ పెడితే నిలవదు. పోరాడే చోటు వేరే ఉంది.

మొదటిది జరిమానా శ్లాబు. సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) లాంటి ఉల్లంఘన 10 శాతం లోపుంటే పన్నులో 25 శాతం, 10 దాటితే 50, అనుమతి లేని అంతస్తుకి 100. మీ గది మూడో కోవలోకి వస్తుంది కాబట్టి శ్లాబు సరైనదే. కానీ అది గది పన్ను మీదే పడాలి. కొన్ని బిల్లుల్లో మొత్తం ఇంటి పన్ను మీద పడి ఉంటుంది. మీకు అలా పడలేదు, అదొక్కటీ నయం.

రెండోది కొలతలు. పన్ను బిల్లు మీదుండే అసెస్‌మెంట్ నంబరుతో ఆన్‌లైన్‌లో వివరాలు తీసి అంతస్తుల వారీ విస్తీర్ణం, వాడకం, కట్టడం రకం ఒక్కొక్కటీ సరిచూడండి. ఎక్కువగా దొర్లే తప్పులు మూడు. రేకుల గదిని స్లాబుగా రాయడం. మెట్లగది, ఓపెన్ బాల్కనీ కలిపేసి 300ని 420 చేయడం. పై వాటాలో ట్యూషన్లు చెప్తున్నారని ఆ అంతస్తు మొత్తాన్నీ నివాసేతరంగా మార్చడం. ఈ చివరిది పడితే బిల్లు గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది.

మూడోది స్థలం విలువ. రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ విలువలు 2025 ఫిబ్రవరి 1న సవరించారు. రిజిస్ట్రేషన్ శాఖ ఐజీఆర్‌ఎస్ సైటులో మీ డోర్ నంబరుకి ఎంత చూపిస్తోందో చూడండి. లోపలి వీధి ఇంటికి మెయిన్ రోడ్డు విలువ అంటుకుందంటే తప్పు అక్కడే.

ఈ మూడింటిలో ఏదైనా దొరికితే జోనల్ కమిషనర్ కార్యాలయంలో రివిజన్ పిటిషన్ పెట్టండి. నోటీసులో రాసిన గడువు దాటనివ్వకండి. మంజూరైన ప్లాను, రిజిస్ట్రేషన్ దస్తావేజు, పాత బిల్లు, కరెంటు బిల్లు, లైసెన్సున్న సర్వేయరు గానీ ఇంజినీరు గానీ గీసిన కొలతల నక్షా జతచేయండి. 'పన్ను ఎక్కువగా ఉంది, తగ్గించగలరు' అని రాస్తే కట్టలో పడి ఉంటుంది. 'డాబా గది 300 చ.అ., రికార్డులో 420, నక్షా జతపరిచాను' అని రాస్తే ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) టేపు పట్టుకుని రావాల్సిందే. రసీదు నంబరు తీసుకోవడం మరవకండి.

పిటిషన్ నడుస్తోందని కట్టడం మాత్రం ఆపకండి. ఆలస్యానికి నెలకి 2 శాతం వడ్డీ, మీ బిల్లు మీద నెలకి 158 రూపాయలు. కట్టి, 'అభ్యంతరంతో చెల్లిస్తున్నాను' అని పిటిషన్‌లో ఒక ముక్క రాయండి. తగ్గితే తర్వాతి అర్ధ సంవత్సరంలో సర్దుతారు. వచ్చే ఏడాది రెండు అర్ధాలూ కలిపి ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం రాయితీ ఉంటుంది.

ఇంకో మాట. జరిమానా కట్టినంత మాత్రాన గది సక్రమమైపోదు. అనుమతి లేని కట్టడాలని రుసుముతో సక్రమం చేసే బీపీఎస్ లాంటి పథకంలో క్రమబద్ధీకరణ ఉత్తర్వు వచ్చినా, ఆ ప్రతిని మీరే తీసుకెళ్లి రెవెన్యూ విభాగంలో ఇవ్వాలి. టౌన్ ప్లానింగ్ బల్ల మీంచి రెవెన్యూ బల్ల మీదకి కాగితం తనంతట తాను నడిచి వెళ్లదు.

పాలసీ_పూర్తిగా_చదవండి

బీమా సంగతి నేను చెప్తాను. జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేసింది వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాకే. ఇంటి బీమాకి 18 శాతం అలాగే ఉంది. 4,130లో అసలు ప్రీమియం 3,500, పోయినేడాది 2,500. రెండేళ్ల పాలసీ షెడ్యూళ్లు పక్కపక్కన పెట్టి సమ్ ఇన్సూర్డ్ (ఇంటికి రాసిన బీమా విలువ) ఎంతుందో చెప్పండి.

లాసన్స్‌బే_గాలి

పోయినేడాది కోటి. ఇప్పుడు కోటీ 40 లక్షలు. మధ్యలో టాపప్ లోన్ కోసం బ్యాంకు వాల్యుయర్ వచ్చి చూసి వెళ్లారు.

పాలసీ_పూర్తిగా_చదవండి

దొరికింది. కోటికి 2,500 అంటే లక్షకి 25 రూపాయలు. కోటీ 40 లక్షలకి 3,500 అన్నా లక్షకి 25 రూపాయలే. రేటు పైసా పెరగలేదు. స్థలంతో కలిపిన అమ్మకం విలువని తెచ్చి బీమా విలువగా రాశారు. పన్ను లెక్కలో స్థలం కలుస్తుంది, బీమా లెక్కలో కలవకూడదు. తుపానుకి గోడలు పోతాయి గానీ 200 గజాల నేల ఎక్కడికీ పోదు. మీరు కోటీ 40 లక్షలకి ప్రీమియం కట్టినా, ఇల్లు మొత్తం పోతే ఇచ్చేది తిరిగి కట్టడానికయ్యే ఖర్చే.

2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా సంస్థలూ అమ్మాల్సిన ప్రామాణిక పాలసీ 'భారత్ గృహ రక్ష'. అందులో ఇంటి విలువ అంటే కార్పెట్ ఏరియాని (గోడల మధ్య వాడుకునే చోటుని) నిర్మాణ ఖర్చుతో గుణించగా వచ్చింది. ఇక్కడో మెలిక ఉంది. మేస్త్రీ రేటు చెప్పేది గోడలు కూడా కలిసిన స్లాబు ఏరియాకి, ఫారం అడిగేది కార్పెట్ ఏరియా. రెండు అంతస్తులూ కలిపి స్లాబు 2,500 చదరపు అడుగులు, రేటు 2,000 అనుకుంటే 50 లక్షలు. కార్పెట్ 2,000 అయితే ఫారంలో రేటు 2,500 అని రాయాలి. 2,000 అనే రాస్తే 10 లక్షలు తక్కువ పడుతుంది. ప్రహరీ, సంపు, ట్యాంకు, సోలార్ ప్యానెళ్లకి మరో 5 లక్షలు కలిపితే 55 లక్షలు. అదే రేటుకి ప్రీమియం 1,375, జీఎస్టీతో 1,622.50. నోటీసులో ఉన్న 4,130తో పోల్చుకోండి. ఇంటి సామానుకి జాబితా ఇవ్వకుండానే కట్టడం విలువలో 20 శాతం కవర్ వస్తుంది, దానికి 10 లక్షల హద్దు. మీకు 11 రావాలి, 10 దగ్గర ఆగుతుంది. నగలు ఇందులో లేవు, విడిగా అడగాలి. దొంగతనం కూడా తుపాను, అగ్నిప్రమాదం లాంటిది జరిగిన 7 రోజుల్లోపు జరిగితేనే ఇందులో వస్తుంది. మామూలు రోజుల్లో తాళం పగిలితే దానికి వేరే కవర్ కావాలి.

డాబా మీద రేకుల గది దాచకండి. అంతస్తులు, పైకప్పు రకం ఉన్నదున్నట్టు రాయించండి. హుద్‌హుద్‌లాంటి గాలికి ముందు లేచేది ఆ రేకులే, బీమా సర్వేయరు ఫొటో తీసేదీ వాటినే. ప్రపోజల్‌లో (బీమా దరఖాస్తులో) లేని గది ఫొటోలో కనిపిస్తే మిగతా క్లెయిము కూడా నానుతుంది.

బ్యాంకు ఇచ్చిన పాలసీనే తీసుకోవాలని లేదు. వేరే సంస్థలో తీసుకుని, బ్యాంకు పేరు మార్ట్‌గేజీగా (తాకట్టు పెట్టుకున్న సంస్థగా) పాలసీలో రాయించి, ప్రతి బ్యాంకులో ఇచ్చి రసీదు తీసుకుంటే చాలు. కొత్తది చేతికొచ్చాకే పాతది ఆపండి, మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ ఉండకూడదు. అక్టోబరు, నవంబరుల్లో రెన్యువల్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. వాయుగుండం హెచ్చరిక వచ్చాక కొత్త పాలసీ దొరకడం కష్టం.

మధురవాడ_ఐదో_అంతస్తు

అపార్ట్‌మెంట్ అయితే? అలాగే, సన్‌షేడ్ పెచ్చులూడి పడితే క్లెయిము వస్తుందా?

పాలసీ_పూర్తిగా_చదవండి

ఫ్లాటుకీ అదే సూత్రం, అవిభాజ్య వాటా నేల విలువ తీసేయాలి. లిఫ్టు, జనరేటరు, మోటార్లు, ప్రహరీ మీ ఒక్కరి పాలసీలో రావు, వాటికి అసోసియేషన్ పేరుతో విడిగా తీసుకోవాలి.

పెచ్చుల సంగతి: ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాంక్రీటుని బయటికి తోస్తుంది. ఇది ఏళ్ల తరబడి జరిగే అరుగుదల, ఏ పాలసీ ఇవ్వదు. సర్వేయరు మొదట చూసేది విరిగిన చోట కడ్డీ రంగు. ఎర్రగా పొరలు పొరలుగా లేస్తోందంటే 'నిర్వహణ లోపం' అని రాస్తారు. గాలికి అద్దం పగిలి ఆ దారిన వాన లోపలికి కొడితే వస్తుంది. సీలింగ్ చెమ్మ ఎప్పట్నుంచో ఉంటే రాదు. అందుకే వానాకాలం ముందే నాలుగు గోడలూ, సన్‌షేడ్లూ, డాబా తేదీతో ఫొటోలు తీసి పెట్టుకోండి.

నష్టం జరిగితే అదే రోజు సమాచారం ఇవ్వండి. టార్పాలిన్ కప్పడం లాంటి తాత్కాలిక పని చేయించి బిల్లు దాచండి, పెద్ద మరమ్మతు మాత్రం సర్వేయరు చూసేదాకా వద్దు. సర్వే నివేదికకి 15 రోజులు, అది అందాక నిర్ణయానికి 7 రోజులు గడువు. తిరస్కరిస్తే ముందు సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేలకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఏడాది లోపు వెళ్లాలి, 50 లక్షల దాకా వింటారు, ఫీజు లేదు.

వార్డు_లెక్కలు

లాసన్స్‌బే గారూ, ఒకటి మరిచాను. ఆదాయపు పన్ను లెక్కలో పై వాటా అద్దె ఆదాయంలోంచి ఆ వాటాకి పడే ఇంటి పన్ను తీసేశాకే 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ లెక్కేయాలి. డిమాండు వచ్చిన ఏడాది కాదు, కట్టిన ఏడాది చూస్తారు. రెండో అర్ధం మార్చి 31 దాటించారంటే అది తర్వాతి ఏడాది లెక్కలోకి పోతుంది.

లాసన్స్‌బే_గాలి

రికార్డు తీసి చూశానండీ. డాబా గది 385 చదరపు అడుగులు, పైకప్పు 'ఆర్‌సీసీ' అని ఉంది. మెట్లగది కలిపేసినట్టున్నారు. సోమవారం నక్షా గీయిస్తాను.

వార్డు_లెక్కలు

నక్షాలో మెట్లగదిని వేరే రంగుతో చూపించమనండి. రేకుల ఫొటో కిందనుంచి కాకుండా పక్కింటి డాబా మీంచి తీయించండి, పైకప్పు మొత్తం కనిపించాలి.