అప్‌డేట్: తమ్ముడు తనకు జబ్బే లేదంటున్నాడని అడిగాను కదా

స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్న మా తమ్ముడు మందులు వద్దంటున్నాడు, ఇది మొండితనమా అని రెండు నెలల కిందట అడిగాను. కాదట. జబ్బు తెలియకపోవడం కూడా జబ్బులో భాగమేనని, దాన్ని అనోసోగ్నోసియా అంటారని డాక్టర్ చెప్పారు. లక్షణాలు కొలిచే పాన్స్ అనే 30 అంశాల స్కేల్‌లో దీనికి విడిగా ఓ అంశం ఉంది. 1 నుంచి 7 దాకా వేస్తారు. (7 వస్తే మంచిదేమో అనుకున్నాను, తీరా చూస్తే అదే అన్నిటికన్నా తీవ్రం!)

నాకు బాగా పనికొచ్చింది 1990లో ఆంథొనీ డేవిడ్ అనే సైకియాట్రిస్ట్ చెప్పిన మాట. ఇన్‌సైట్ (తన జబ్బు గురించి తనకుండే ఎరుక) ఒకే ముక్క కాదు: జబ్బుందని తెలియడం, వినిపించే గొంతులు జబ్బువేనని గుర్తించడం, వైద్యానికి ఒప్పుకోవడం వేర్వేరు. మావాడికి గొంతులు ఇప్పటికీ నిజమే. కానీ మాత్ర వేసుకుంటే నిద్ర పడుతుందని వాడే ఒప్పుకున్నాడు. దాంతో వాదించడం మానేశాం, నిద్ర గురించే మాట్లాడుతున్నాం. ఇప్పుడు రోజూ వేసుకుంటున్నాడు.

ఇంకో టెన్షన్ మొదలైంది. ఇన్‌సైట్ పెరిగేకొద్దీ కొందరిలో దిగులు కూడా పెరుగుతుందట, కనిపెట్టుకుని ఉండమన్నారు. మొన్న వాడు "అక్కా, ఇది ఎప్పటికీ ఉంటుందా?" అన్నాడు. ఆ మాట డాక్టర్‌కి చెప్పాను, అపాయింట్‌మెంట్ అనుకున్న తేదీకన్నా ముందే ఇచ్చారు.