పాత కంప్యూటర్‌కు సరిపోయే మానిటర్ ఏది?

ప్రశ్న (మిర్యాలగూడ):
మా ఎరువుల దుకాణంలో బిల్లులకు వాడుతున్న కోర్ 2 డ్యుయో కంప్యూటర్ మానిటర్ వెలగడం లేదు. సీపీయూ వెనుక 15 రంధ్రాల వీజీఏ పోర్టు ఒక్కటే ఉంది. నల్లగొండలో చూసిన కొత్త మానిటర్లలో కొన్నింటికి హెచ్‌డీఎంఐ అనే కొత్త రకం పోర్టు మాత్రమే ఉంది. ఏది తీసుకోమంటారు?

జవాబు (నల్లగొండ):
వీజీఏ పోర్టు కూడా ఉన్న 1920×1080 రిజల్యూషన్ (తెరపై అడ్డంగా, నిలువుగా ఉండే చుక్కల సంఖ్య) మానిటర్‌నే అడిగి తీసుకోండి. 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మారే వేగం) వద్ద ఆ రిజల్యూషన్‌ను మంచి వీజీఏ కేబుల్ ఇబ్బంది లేకుండా అందిస్తుంది. పాత 1280×1024 అమరికనే ఉంచితే అక్షరాలు అడ్డంగా సాగినట్టు కనిపిస్తాయి కనుక, తగిలించాక డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మార్చుకోవాలి. ఆ ఎంపిక కనిపించకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్ (తెరపై బొమ్మను నడిపే సాఫ్ట్‌వేర్) వేయించండి.

జవాబు (మహబూబ్‌నగర్):
హెచ్‌డీఎంఐ మానిటరే కొనవలసివస్తే, వీజీఏది అనలాగ్ సంకేతం, హెచ్‌డీఎంఐది డిజిటల్ సంకేతం కాబట్టి, రెండు కొసలు కలిపిన ఉత్త కేబుల్‌తో బొమ్మ రాదు. సంకేతాన్ని మార్చే కన్వర్టర్ కావాలి, దానికి సాధారణంగా యూఎస్‌బీ నుంచి కరెంటు ఇవ్వాలి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చేది మీకు పనికిరాదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, దుకాణదారులే పొరబడతారు!

జవాబు (సూర్యాపేట):
డబ్బు పెట్టేముందు వేరే మానిటర్ తగిలించి చూడండి. లోపం సీపీయూలోనే ఉండవచ్చు.

ప్రశ్నించినవారు:
పక్క దుకాణం మానిటర్ తగిలిస్తే బొమ్మ వచ్చిందండి. వీజీఏ ఉన్నదే తీసుకుంటాను.