విశాఖలో అమ్మాయిల ఫుట్‌బాల్ కోచ్‌గా బతకొచ్చా? కాలేజీ హెడ్ కోచ్ అనే ఉద్యోగం మన దగ్గర ఉందా?

గాజువాక_రైట్‌వింగ్:

అందరికీ నమస్తే. నాకు 24 ఏళ్లు, బీకామ్ అయింది. డిగ్రీ మూడేళ్లూ కాలేజీ టీమ్‌కి ఆడాను, రెండుసార్లు యూనివర్సిటీ టీమ్‌తో సౌత్ జోన్ యూనివర్సిటీల పోటీలకి వెళ్లాను. ఏడాదిన్నరగా ఒక ప్రైవేట్ కాలేజీలో సాయంత్రం పూట అమ్మాయిలకి ఫుట్‌బాల్ నేర్పిస్తున్నాను. మొత్తం 16 మంది. అందులో నలుగురికి బూట్లు లేవు, స్కూల్ షూస్‌తోనే ఆడతారు. నాకు ఇస్తామన్న డబ్బులు మూడు నెలలుగా రాలేదు. అడిగితే "టోర్నమెంట్ గెలిస్తే చూద్దాం" అన్నారు.

ఇంట్లో నాన్న బ్యాంక్ కోచింగ్‌లో చేరమంటున్నారు. ఆయన తప్పు కూడా కాదు, చెల్లి చదువు ఇంకా ఉంది. కానీ సాయంత్రం నాలుగయ్యేసరికి నా మనసంతా గ్రౌండ్ మీదే ఉంటుంది. మా పిన్ని కొడుకు అమెరికాలో చదువుతున్నాడు. వాళ్ల యూనివర్సిటీలో అమ్మాయిల సాకర్ టీమ్‌కి హెడ్ కోచ్ అంటే పూర్తి జీతం ఉన్న ఉద్యోగమట, కింద అసిస్టెంట్లు కూడా ఉంటారట. మన దగ్గర అలాంటిది ఉందా? బీపీఎడ్ (వ్యాయామ విద్య డిగ్రీ) చేయాలా, కోచింగ్ లైసెన్స్ తీసుకోవాలా, కోచ్‌లకి శిక్షణ ఇచ్చే పాటియాలా ఎన్‌ఐఎస్‌కి వెళ్లాలా? ఏది ముందో అర్థం కావట్లేదు. తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి, బాధ కలిగినా పర్లేదు.

రిటైర్డ్_పీడీ:

అమ్మా, నేను డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేసి రిటైరయ్యాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. అమ్మాయిల ఫుట్‌బాల్ హెడ్ కోచ్ అనే పోస్టు నా సర్వీసులో మన కాలేజీల్లో ఎక్కడా చూడలేదు. ఉన్నది పీడీ పోస్టు. ఖోఖో, కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్, స్పోర్ట్స్ డే, రిపబ్లిక్ డే పెరేడ్ అన్నీ నీ నెత్తి మీదే ఉంటాయి, వాటి మధ్యలో ఫుట్‌బాల్‌కి నువ్వే చోటు చేసుకోవాలి. నేనలాగే చేసుకున్నాను. మొదటి ఏడాది ఫుట్‌బాల్ ఆడిన అమ్మాయి ఒక్కతే ఉంది. కబడ్డీ నుంచి ముగ్గుర్ని, 400 మీటర్లు పరిగెత్తేవాళ్లని ఇద్దర్ని, ఎన్‌సీసీ నుంచి మరికొందర్ని బతిమాలి తెచ్చి పదకొండు మందిని చేశాను. ఆ ఏడాది ఆడిన రెండు మ్యాచ్‌లూ ఓడిపోయాం. అయినా మరుసటి ఏడాది వాళ్లే ఇంకో పదిమందిని వెంటబెట్టుకొచ్చారు.

ఆట నేర్పించడం ఈ ఉద్యోగంలో సగం కూడా కాదు. టోర్నమెంట్ డేట్లు, సెమిస్టర్ పరీక్షలు ఒకే వారంలో పడితే ప్రిన్సిపాల్ గది బయట నిలబడాలి. అబ్బాయిల క్రికెట్ అయ్యేదాకా గ్రౌండ్ ఖాళీ ఉండదు, అందుకే నేను పొద్దున్న ఐదున్నరకే పెట్టుకునేదాన్ని. స్లీపర్ టికెట్లు, పిల్లల రోజువారీ భత్యం లెక్కలు, రాత్రి దిగాక ప్రతి పిల్లనీ ఇంటివాళ్లకి అప్పగించడం అంతా నువ్వే చూసుకోవాలి. ఒక్కో అమ్మాయి ఇంటికి వెళ్లి తల్లితో కూర్చుని మాట్లాడాలి. తండ్రి ఒప్పుకున్నా తల్లి ఒప్పుకోకపోతే ఆ పిల్ల రాదు, ఇది రాసిపెట్టుకో.

దారి విషయానికొస్తే, ఏపీ పీసెట్ ఎంట్రన్స్ రాసి బీపీఎడ్ రెండేళ్లు, తర్వాత అందులోనే పీజీ అయిన ఎంపీఎడ్ రెండేళ్లు. ఆంధ్రా యూనివర్సిటీలోనే ఫిజికల్ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ ఉంది కదా, ఇల్లు వదిలి వెళ్లాల్సిన పని లేదు. యూజీసీ 2018 రూల్స్ ప్రకారం కాలేజీ డైరెక్టర్ పోస్టుకి పీజీలో 55 శాతం, నెట్ లేదా స్లెట్/సెట్ అనే అర్హత పరీక్ష, పరుగు పరీక్ష కావాలి. యూనివర్సిటీకో, రాష్ట్రానికో ఆడిన రికార్డు కూడా అడుగుతారు. నీ సౌత్ జోన్ సర్టిఫికెట్లు లామినేషన్ చేయించకు, ఒరిజినల్స్ ఫైల్లో పెట్టి జాగ్రత్తగా దాచు.

ఒహైయో_నుంచి_వాల్తేరు_పిల్ల:

మాది పెద వాల్తేరు. ఇక్కడ ఒహైయోలో పీజీ చేస్తూ ఒక డివిజన్ 3 (కాలేజీ ఆటల్లో మూడో అంచె) కాలేజీ అమ్మాయిల టీమ్‌లో రెండేళ్లు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా పనిచేశాను. మీ తమ్ముడు చెప్పింది నిజమే, కానీ అతను చూసింది బయటినుంచి.

ఇక్కడ ఈ ఉద్యోగాలు రావడానికి 1972 నాటి టైటిల్ నైన్ చట్టం పెద్ద కారణం. అమెరికా కేంద్ర ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థ అమ్మాయిలకి ఆటల్లో సమాన అవకాశం ఇవ్వాలనేసరికి కాలేజీలు టీమ్‌లు పెట్టక తప్పలేదు. ఇక్కడి కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ మొదటి మహిళల సాకర్ ఛాంపియన్‌షిప్ 1982లో జరిగింది. నార్త్ కరోలినా యూనివర్సిటీలో ఆన్సన్ డోరెన్స్ 1979 నుంచి 2024 వరకూ అమ్మాయిల టీమ్‌కి హెడ్ కోచ్‌గా ఉండి 22 జాతీయ టైటిళ్లు గెలిచాడు. మధ్యలో అమెరికా మహిళల టీమ్‌ని కూడా నడిపి 1991లో మొదటి ప్రపంచకప్ అందించాడు.

మీకు పనికొచ్చే కథ మాత్రం బెకీ బర్లీది. బెర్రీ కాలేజీ అనే చిన్నచోట ఇరవై దాటగానే హెడ్ కోచ్ అయ్యింది, అక్కడ 1990, 1993లో ఎన్‌ఏఐఏ (ఎక్కువగా చిన్న కాలేజీలుండే మరో సంఘం) టైటిళ్లు వచ్చాయి. తర్వాత ఫ్లోరిడా యూనివర్సిటీ కొత్తగా టీమ్ పెడుతూ ఆమెని పిలిచింది. 1995లో మొదటి సీజన్, 1998 ఎన్‌సీఏఏ ఫైనల్లో నార్త్ కరోలినాని 1-0తో ఓడించారు. సున్నా నుంచి టీమ్ కట్టడం ఆమెకి అప్పటికే తెలుసు, నాలుగో సీజన్‌కే అంత సాధించడానికి అదే కారణమని నా నమ్మకం. మీరు ఇప్పుడు ఆ 16 మందితో చేస్తున్నదీ అదే పని.

రోజువారీ పని చెప్తాను. సీజన్ ఆగస్టు నుంచి, ఫైనల్ దాకా వెళ్తే డిసెంబరు వరకూ. మిగతా నెలల్లో హెడ్ కోచ్ ఎక్కువగా రిక్రూటింగ్ చేస్తుంది, అంటే హైస్కూల్ పిల్లల మ్యాచ్‌లు చూడటం, వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడటం, మార్కులు చూడటం. డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు కాబట్టి మా కోచ్ ప్రతి పిల్లకీ కాలేజీ గురించి, చదువు గురించి చెప్పి ఒప్పించాల్సి వచ్చేది. పీడీ మేడమ్ తల్లుల గురించి రాసింది చదివి ఆవిడే గుర్తొచ్చింది. ఇక ఉద్యోగ భద్రత ఇక్కడా లేదు, వరుసగా రెండు మూడు సీజన్లు పోతే కోచ్‌ని మార్చేస్తారు. టైటిల్ నైన్‌కి ముందు అమ్మాయిల కాలేజీ టీమ్‌లకి దాదాపు కోచ్‌లందరూ ఆడవాళ్లే, జీతాలు పెరిగాక మగవాళ్లు వచ్చేశారు. ఇప్పుడు ఆడవాళ్లు సగం కూడా లేరు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది.

ఎంవీపీ_అకాడమీ_కోచ్:

మేడమ్ గారితో ఒక్క విషయంలో నేను ఏకీభవించను. నాలుగేళ్లు డిగ్రీల మీదే కూర్చుంటే ఈలోగా ఆటతో నీ టచ్ పోతుంది చెల్లీ. ముందు ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) డి లైసెన్స్ చేసేయాలి, తర్వాత సి. ఆపైన బి, ఏ, ప్రో ఉంటాయి కానీ ఇప్పుడే వాటి గురించి ఆలోచించక్కర్లేదు. అకాడమీలు, స్కూళ్లు, ఐడబ్ల్యూఎల్ (ఇండియన్ విమెన్స్ లీగ్) క్లబ్బులు మొదట అడిగేది లైసెన్సే. డి కోర్సు చిన్నది, ఇప్పుడు చేస్తున్న పని మానక్కర్లేదు.

ఆడవాళ్లు పైదాకా వెళ్లలేరు అనుకోవద్దు. గోవాకి చెందిన మేమోల్ రాకీ 2017 నుంచి 2021 దాకా భారత మహిళల టీమ్‌కి హెడ్ కోచ్, 2019లో దక్షిణాసియా దేశాల శాఫ్ కప్ ఆమె ఉండగానే గెలిచాం. భారత ఫుట్‌బాల్ టీమ్‌ని నడిపిన మన హైదరాబాద్ రహీమ్ సాబ్ స్కూల్ టీచర్. 1951, 1962 ఏషియన్ గేమ్స్ స్వర్ణాలు, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన కోచింగ్‌లో వచ్చినవే. పిల్లలకి పాఠం చెప్పడం తెలిసినవాళ్లకి ఈ పని బాగా వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో మాట. మూడు నెలల డబ్బు గురించి నోటిమాట వద్దు, కాగితం మీద రాసి ప్రిన్సిపాల్‌కి ఇచ్చి రసీదు తీసుకో చెల్లీ.

గోపాలపట్నం_నాన్న:

మా అమ్మాయి ఇంటర్ వరకూ బాగా ఆడింది. టీమ్‌తో ఊరు వెళ్లాలంటే వెంట ఒక్క ఆడమనిషి కూడా లేదని నేనే ఆపేశాను. ఇప్పుడు బాధపడుతున్నాను. అప్పుడు మీలాంటి కోచ్ ఉండుంటే పంపేవాణ్ణి. మీ నాన్నగారు అడిగితే నా మాటగా చెప్పండి. పిల్లల బూట్ల సైజులు ఇక్కడ రాయండి, రెండు జతలు నేను ఇస్తాను.

రిటైర్డ్_పీడీ:

అకాడమీ బాబు చెప్పింది సబబే. బీపీఎడ్ చదువుతూ డి లైసెన్స్ చేయొచ్చు, రెండూ కలిపి చేసుకో. కానీ డిగ్రీ మాత్రం వదలకు. లైసెన్స్ ఉంటే టీమ్ దొరుకుతుంది, పింఛను, ప్రసూతి సెలవు దొరకవు. పెళ్లయ్యాక ఉద్యోగం మానేసిన మంచి కోచ్‌లని చాలామందిని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గాజువాక_రైట్‌వింగ్:

అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి నాన్నకి ఇవన్నీ చదివి వినిపించాను. గోపాలపట్నం అంకుల్ మాట దగ్గర ఆయన ఏమీ అనకుండా కాసేపు కూర్చున్నారు, తర్వాత పీసెట్ ఫీజు ఎంత అని అడిగారు. ఈసారి పీసెట్ రాస్తున్నాను, డి లైసెన్స్ కోర్సు మన వైపు ఎప్పుడు పెడతారో కనుక్కుంటాను. డబ్బు గురించి ప్రిన్సిపాల్‌కి లెటర్ ఇచ్చాను, రసీదు తీసుకున్నాను.

అంకుల్, సైజులు 4, 5, 5, 6. రేపు ఐదున్నరకి ఆర్కే బీచ్‌లో ఇసుకలో పరుగు పెట్టిస్తున్నాను, అక్కడ బూట్లు అక్కర్లేదు కాబట్టి అందరూ వస్తున్నారు. పీడీ మేడమ్, మీకు వీలైతే ఒక్కసారి వచ్చి మా పిల్లల్ని చూస్తారా?

రిటైర్డ్_పీడీ:

వస్తాను. కాళీమాత గుడి దగ్గర ఉంటాను.