రాళ్ల మీద నుంచి లూర్లు వేయడానికి స్పిన్నింగ్ రీల్: 2500 సైజు తీసుకోవాలా, 3000 తీసుకోవాలా, 4000 తీసుకోవాలా?

తీరం_వైజాగ్:
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా రుషికొండ, భీమిలి వైపు రాళ్ల మీద నుంచి లూర్లు (చేపని ఆశపెట్టే నకిలీ ఎరలు) వేస్తున్నాను. ఎక్కువగా 10 నుంచి 20 గ్రాముల మెటల్ జిగ్గులు, అప్పుడప్పుడు రబ్బరు చేపలు. పడేవి చిన్న పారలు, గోస్తనీ సముద్రంలో కలిసే చోట రోజు బాగుంటే ఒక పండుగప్ప. రాడ్ ఎనిమిదిన్నర అడుగులది, 7–25 గ్రాముల లూర్లకి.

ఇన్నాళ్లూ వాడింది చెరువులో బొచ్చెల కోసం కొన్న చవక రీల్. పోయిన నెల ఒక మంచి పార పట్టుకుంది, పట్టుకుంటూనే రాళ్ల వైపు ఒకటే పరుగు, చేప గట్టిగా లాగితే లైన్ వదలాల్సిన డ్రాగ్ మాత్రం కదల్లేదు, లైన్ టప్పున తెగిపోయింది. ఇంటికొచ్చి చూస్తే లైన్ రోలర్ (లైన్‌ని స్పూల్ వైపు మళ్లించే చిన్న చక్రం) తిరగడమే మానేసింది, బ్రెయిడ్ (అల్లిన లైన్) ఒకేచోట రాసుకుని రాసుకుని దానిమీద గోరు ఆనేంత గాడి పడింది. స్క్రూ తీస్తే లోపల బేరింగ్ చుట్టూ తెల్లటి పొడి, కింద ఎర్రగా తుప్పు. ఆ చేప ఇంకా కళ్ల ముందే తిరుగుతోంది.

పది వేలు పెట్టగలను, మరీ అవసరమైతే ఇంకో రెండు వేలు. ఏ సైజు తీసుకోమంటారు? 12 బేరింగులు అని రాసున్న రీళ్లు నాలుగు వేలకే వస్తున్నాయి, 5 బేరింగులున్న పెద్ద కంపెనీ రీల్ ఎనిమిది వేలు. తేడా ఎక్కడుంది?

అంతర్వేది_గాలం:
తమ్ముడూ, నీ రాడ్‌కి 3000 సరిపోద్ది. 4000 పెడితే చేతికి బరువు తప్ప లాభం లేదు, 10 గ్రాముల జిగ్గు గంటకి వందసార్లు విసిరేవాడికి ఆ బరువు మణికట్టులో తెలుస్తుంది. నేను వశిష్ఠ మొగలో పండుగప్పలకి కూడా అదే సైజు వాడతాను, పీఈ 1 (లైన్ మందం చెప్పే అంకె) బ్రెయిడ్ 200 మీటర్లు పడితే చాలు.

ఒక్కటి చూసుకో, అన్ని కంపెనీల 3000 ఒకటి కాదు. షిమానోలో సి3000 అంటే 2500 బాడీకే 3000 స్పూల్ (లైన్ చుట్టుకునే భాగం). డైవాలో ఎల్‌టీ అని ఉన్నవి 2018 నుంచి సైజులు మార్చి తెచ్చినవి, అదే డైవాలో బీజీ 3000 తీసుకుంటే ఎల్‌టీ 3000 కన్నా బాగా పెద్దగా ఉంటుంది. అంకె చూసి ఆర్డర్ పెట్టకుండా గ్రాములు, లైన్ ఎంత పడుతుందో చదివి పెట్టు.

గేర్ (హ్యాండిల్ ఒక చుట్టుకి లైన్ చుట్టే రోటర్ ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క) విషయంలో నేను 6కి పైనే తీసుకోమంటాను. స్పూల్ వ్యాసం 47 మిల్లీమీటర్లు అనుకో, 5.2 గేర్ అయితే హ్యాండిల్ ఒక చుట్టుకి 77 సెంటీమీటర్ల దాకా లైన్ వస్తుంది, 6 అయితే 88. రాళ్ల మీద నిలబడితే కెరటం జిగ్గుని నీవైపే తోసుకొస్తుంది, లైన్ వదులైపోతుంది, ఆ క్షణంలోనే చేప కొట్టిందంటే హుక్ పడదు. ఆ వదులు లాగేసుకోవడానికి ఈ పదకొండు సెంటీమీటర్లే కావాలి.

గ్రీజు_చేతులు:
పై మాట సైజు వరకు ఒప్పుకుంటాను. గేర్ గురించి మాత్రం, రబ్బరు చేపలు ఎక్కువ వేసేవాళ్లకి వేగం గేర్ అలవాటైతే లూర్‌ని నెమ్మదిగా తేవడం కష్టం, పండుగప్పకి ఆ నెమ్మదే కావాలి. నేనైతే 5.6 దగ్గర ఆగుతాను.

స్నేహితుల రీళ్లు విప్పి సర్వీస్ చేస్తుంటాను కాబట్టి ఉప్పు ఎక్కడ దెబ్బకొడుతుందో చెప్తాను. మొదట పోయేది ఎప్పుడూ లైన్ రోలరే, మీకు జరిగినట్టే. తర్వాత రోటర్ కింద ఉండే వన్‌వే క్లచ్, అందులోకి నీళ్లు పోయినా, మనమే తెలియక గ్రీజు పూసినా హ్యాండిల్ వెనక్కి జారుతుంది. ఆ తర్వాత హ్యాండిల్ పక్క బేరింగులు, ఆఖర్న స్పూల్ లోపలి డ్రాగ్ వాషర్లు. బేరింగులు 12 ఉంటే ఉప్పు తినడానికి 12 చోట్లు ఉన్నట్టే. లెక్క చూడొద్దు, నీళ్లు లోపలికి రాకుండా ఎక్కడెక్కడ సీల్ ఉందో చూడండి, తర్వాత గేర్ ఏ లోహమో చూడండి, ఆ తర్వాతే మిగతావి. నాలుగు వేల రీల్ బరువు లాగుతున్నప్పుడు దాని స్టెమ్ (రాడ్‌కి బిగించే కాడ) మీద వేలు పెట్టి చూడండి, బాడీ మెలితిరగడం వేలికి తెలుస్తుంది. అలా మెలితిరిగితే గేర్ పళ్లు సరిగా కలవవు, నాలుగు నెలలకే గరగర మొదలు.

ధర కుదిరితే నేను చూసే మూడు: డైవా బీజీ 2500, పెన్ బ్యాటిల్ 3, షిమానో నాస్కీ. మొదటి రెండూ అల్యూమినియం బాడీ, బరువు కొంచెం ఎక్కువ, కానీ గట్టివి. నాస్కీ తేలిక, హగానే అని పిలిచే గట్టి గేర్ ఉంది, నీళ్లు రాకుండా కోర్‌ప్రొటెక్ట్ ఉంది. మీలా రోజంతా తేలిక జిగ్గులు విసిరేవాళ్లకి నాస్కీ సి3000, కెరటాల్లో తడిసిపోయే చోట నిలబడతానంటే బీజీ. పెన్ స్లామర్ 4 అయితే గట్టిగా కొట్టే నీళ్లనీ ఆపే ఐపీఎక్స్6 సీలింగ్‌తో వస్తుంది, కానీ మీ బడ్జెట్ దాటుతుంది, ఈ పనికి అంత బరువూ వద్దు. డైవాలో మ్యాగ్‌సీల్డ్ అని ఉన్న రీల్ తీసుకుంటే ఆ చోట మాత్రం ఇంట్లో ఆయిల్ వేయకండి, అక్కడ అయస్కాంతం పట్టి ఉంచే ఆయిల్ ఉంటుంది, మామూలు ఆయిల్ కలిస్తే పాడవుతుంది.

ఏది కొన్నా ఇంటికి రాగానే డ్రాగ్ బిగించి, కుళాయి సన్నగా తిప్పి మంచినీళ్లతో కడగండి. పైపుతో గట్టిగా కొడితే ఉప్పు లోపలికే పోతుంది, బకెట్లో ముంచినా అంతే. గుడ్డతో తుడిచి, డ్రాగ్ పూర్తిగా వదులు చేసి నీడలో ఆరబెట్టాలి. బిగించి వదిలేస్తే వాషర్లు అతుక్కుంటాయి, మీ పార లైన్ తెంపడానికి నాకు తెలిసి సగం కారణం అదే. లైన్ రోలర్‌లో నెలకి రెండుసార్లు ఒక్కో చుక్క ఆయిల్.

మస్కట్_నుంచి:
పది వేలూ రీల్ మీదే పెట్టకండి, లైన్‌కి రెండు వేలు పక్కన ఉంచండి. ఇక్కడ రాళ్ల మీద మేమూ పీఈ 1, 20 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడరే (లూర్‌కి ముందు కట్టే లైన్ ముక్క) వాడతాం. స్పూల్‌కి నేరుగా బ్రెయిడ్ కట్టకండి, చేప లాగినప్పుడు మొత్తం చుట్టే జారుతుంది, ముందు పది పదిహేను మీటర్లు మామూలు నైలాన్ వేసి దానిమీద బ్రెయిడ్‌ని తడిగుడ్డతో బిగించి పట్టుకుని చుట్టండి. అంచుకి 2 మిల్లీమీటర్లు తక్కువగా ఆపేయండి. నిండా నింపితే గాలి రోజు ముడులు పడతాయి. విసిరాక బెయిల్‌ని (లైన్‌ని పట్టే తీగని) హ్యాండిల్‌తో కాకుండా చేత్తో మూయడం అలవాటు చేసుకోండి, నాకు సగం ముడులు దాంతోనే తగ్గాయి.

తీరం_వైజాగ్:
అందరికీ చాలా థ్యాంక్స్. నిజమే అన్నా, నేను డ్రాగ్ ఎప్పుడూ వదులు చేయలేదు, రెండేళ్లు బిగించే ఉంచాను. సి3000 చూస్తున్నాను. ఒక్క అనుమానం, పీఈ 1కి డ్రాగ్ ఎంత పెట్టాలి? చేత్తో లాగి చూస్తే నాకు తెలియడం లేదు.

గ్రీజు_చేతులు:
మీ బ్రెయిడ్ 16 పౌండ్లదైతే 7 కిలోలు అనుకోండి, అందులో నాలుగో వంతు, అంటే కిలోన్నర నుంచి రెండు కిలోలు. చేపలు తూచే స్ప్రింగ్ కాటా ఒకటి కొని లైన్ చివర కట్టండి, ఎవరినైనా కాటా పట్టుకోమని మీరు రాడ్ ఎత్తి వంచండి. రీల్ దగ్గర నేరుగా లాగి కొలిస్తే తక్కువ చూపిస్తుంది, రాడ్ రింగుల్లో రాపిడి కలిశాక వచ్చే బరువే అసలుది. కొత్త రీల్‌తో బయల్దేరే ముందు ఇంట్లోనే ఓ పదిసార్లు అలా లాగించండి, మొదలయ్యేటప్పుడు డ్రాగ్ కుదుపు లేకుండా కదలాలి. కుదిపితే వెంటనే వెనక్కి ఇచ్చేయండి.