ట్రోపోనిన్ ఎప్పుడూ ఎక్కువే ఉంటే గుండెపోటును ఎలా గుర్తుపడతారు?

మా నాన్నగారికి కిడ్నీ జబ్బు నాలుగో దశలో ఉంది. డయాలసిస్ ఇంకా మొదలుపెట్టలేదు. ఈమధ్య ఆయాసం వస్తోందని చూపిస్తే హై సెన్సిటివిటీ ట్రోపోనిన్ టి (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్) లీటరుకు 52 నానోగ్రాములు వచ్చింది. రిపోర్టులో 14 దాటకూడదని ఉంది. అది చూసి ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. 3 గంటలు ఆగి మళ్లీ రక్తం తీస్తే 54. ఈసీజీలో కొత్త మార్పేమీ లేదు.

అంకె పెద్దగా మారలేదు కాబట్టి గుండెపోటు కాదన్నారు డాక్టర్ గారు. కిడ్నీ జబ్బులో గుండె కండరం మెల్లగా దెబ్బతింటూ ఉంటుందట, అందుకే ఇది ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉండొచ్చట. వెంటవెంటనే చేసిన పరీక్షల్లో 20 శాతం పైగా పెరిగినా, తగ్గినా మాత్రం తేలిగ్గా తీసుకోకూడదన్నారు.

గుండెపోటు కాదు సరే, మెల్లగా దెబ్బతినడం మాత్రం చిన్న విషయమా? నాకు ఆ దిగులే పోవడం లేదు. ఇలాంటి రిపోర్టు వచ్చినవాళ్లకు తర్వాత ఎకో, మందుల మార్పు లాంటివి ఏం చేశారు? బాగున్నప్పుడే ఒకసారి ట్రోపోనిన్ చేయించి, ఎమర్జెన్సీలో పోల్చి చూసుకోవడానికి దాచుకున్నారా? ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ (గుండె మీద భారం పడితే రక్తంలో పెరిగే పదార్థం) కూడా ఎక్కువే ఉంది. అది ఒంట్లో నీరు చేరడం వల్లా, కిడ్నీ సరిగా బయటికి పంపక పేరుకోవడం వల్లా అన్నది మీ డాక్టర్లు ఎలా తేల్చారు? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.