కీలెరిగి వాతా, వాతమా?

(ఒడిశాలోని తెలుగువాళ్ల కబుర్లు. ఎవరి ఊరు వాళ్ల పేరు.)

పర్లాకిమిడి: "కీలెరిగి వాత పెట్టాలి" అనే సామెతలో ఉన్నది కాల్చే వాతేనా, కీళ్లవాతంలోని వాతమా? ఇక్కడి ఒడియాలో కీళ్లనొప్పి గొంఠిబాత కదా, ఆ బాత విన్నప్పుడల్లా అనుమానం. పైగా సామెతకి ఇంకో ముక్క ఉండాలి. "మేత" అనో ఏదో, నోటికి రావట్లేదు.

గుణుపురం: క్రియను చూడండి. వాత పెడతాం. వాతం చేస్తుంది, ఎవరూ పెట్టరు. పులిని చూసి నక్క పెట్టుకున్నదీ ఇదే. సున్నా లేదు, గొడవా లేదు. తేలాల్సింది కీలు సంగతి: ఒంట్లోదా, కిటుకా?

రాయగడ: అంత తొందరెందుకు మాస్టారూ? చర్మం, మాంసం, సిర, స్నాయువు, సంధి, అస్థుల్లో వాతం వల్ల నొప్పి ముదిరితే సుశ్రుతుడు చెప్పింది అగ్నికర్మే, అంటే కాల్చి చేసే వైద్యం. వాతానికే వాత! శ్లేష అనే నా పట్టు.

బరంపురం: శ్లేషకి దండం, ప్రయోగం మాత్రం వద్దు. కీలులోని మృదులాస్థికి రక్తనాళాలు లేవు, అరిగితే పూడటం కష్టం. పైన చర్మం కాలిస్తే లోపలికి ఒరిగేదేం లేదు. మోకాలి వెనక మడతలో కాలిస్తే మచ్చ బిగిసి కాలు చాపలేరు.

ఇక కీలు. సంస్కృతంలో కీల అంటే మేకు. మెడలో మొదటి రెండు పూసల మధ్య కీలుకి పాఠ్యపుస్తకాలు "బొంగరపు కీలు" అని పేరు పెట్టాయి. పోలిక కుదరలేదు. బొంగరంలో మేకూ తిరుగుతుంది. ఇక్కడ రెండో పూస మీది ముల్లు నిలిచే ఉంటుంది, మొదటి పూస ఉంగరంలా తలను మోస్తూ దాని చుట్టూ తిరుగుతుంది. ముల్లు వెనక అడ్డంగా ఒక బంధనం ఉంటుంది, అది తెగితే ముల్లు వెన్నుపామును నొక్కేస్తుంది. ఇది తిరగలండీ! కింది రాతికి మేకు, తిరిగేది పై రాయి. కీల ఉన్న అసలు కీలు ఇదే.

జయపురం: తిరగలికే నా ఓటు. "మడతబందు కీలు" ఇంకా అన్యాయం. తలుపుకి బందన్నా కీలన్నా ఒకటే. మోచేతికి సరే, మోకాలు మడతతోపాటు కాస్త మెలి కూడా తిరుగుతుంది. తుంటికీ భుజానికీ పెట్టిన "బంతిగిన్నె" కంటే సుశ్రుతుడి ఉలూఖలం నయం. మన రోలేగా.

రాయగడ: రోలు తుంటికే. భుజానిది పళ్లెం: ఎముక తలలో మూడో వంతుకు మించి ఆనదు. అందుకే గూడ జారుతుంది, అదీ ఎక్కువగా ముందుకి. సుశ్రుతుడు చంకనీ గజ్జనీ ఒకే గాటన కట్టాడు, పళ్లనీ చేర్చాడు. అలాగే ఆయన కీళ్ల లెక్క 210కి చేరింది: కాళ్లూచేతుల్లో 68, మొండెంలో 59, మెడా ఆపైన 83.

పర్లాకిమిడి: గూడ జారిందంటే పోతన గజేంద్రమోక్షం గుర్తొస్తుంది, "ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చె దనువున్ డస్సెన్". కీలు తొలగడానికి ఇంతకన్నా మాటేది? కొందరు "తావుల్" అంటారు గానీ.

గుణుపురం: అక్కడ ఠావు తప్పినవి ప్రాణాలు, కీళ్లు కావు. తావు అసలు నిలవదు. ఇది శార్దూల పద్యం, పాదం మొదటి అక్షరానికి యతి పదమూడో అక్షరం. లెక్కపెట్టండి, "డస్సెన్" డకారం మీద పడుతుంది. ఠకి డ కుదురుతుంది, తకి కుదరదు.

బరంపురం: యతి ఒప్పుకున్నాం. గూడ ఠావు తప్పితే మాత్రం లాగి సరిచేయకండి. భుజం బయటివైపు తిమ్మిరి ఉందేమో చూడాలి, అక్కడి నరం నలిగి ఉండొచ్చు. ముందు ఎక్స్‌రే, తర్వాతే సర్దడం.

జయపురం: ఠావు అచ్చతెలుగైతే ఒత్తు ఠ ఎక్కణ్ణుంచి వచ్చినట్టు మాస్టారూ?

పర్లాకిమిడి: మరి నా "మేత"?